సంస్థ నిర్వహణలో ఉన్న కంప్యూటర్లు విండోస్ 11కు మారడం లేదు

ప్రశ్న (తిరుపతి)

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఒక ప్రైవేటు సంస్థ శాఖలో కంప్యూటర్ల బాధ్యత నాది. సెట్టింగులన్నీ హైదరాబాదులోని ప్రధాన కార్యాలయం డొమైన్ (కంప్యూటర్లన్నిటినీ ఒకేచోట నుంచి నిర్వహించే వ్యవస్థ) నుంచే వస్తాయి. విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి కనుక 11కు మారవలసి ఉంది. మా యంత్రాల్లో చాలావరకు ఎనిమిదో తరం ఇంటెల్ ప్రాసెసర్లే, విండోస్ 11 కోరే టీపీఎం 2.0 భద్రతా చిప్, సెక్యూర్ బూట్ ఉన్నాయి, అర్హతను పరీక్షించే పీసీ హెల్త్ చెక్ కూడా అర్హత ఉందనే చెబుతోంది. అయినా అప్‌డేట్ల పేజీలో విండోస్ 11 కనబడదు. ప్రధాన కార్యాలయం అనుమతితో ఒక ల్యాప్‌టాప్‌లో ఐఎస్ఓ ఫైలుతో (విండోస్ 11 ఇన్‌స్టలేషన్ ఫైలు) ప్రయత్నిస్తే, రెండోసారి రీస్టార్ట్ అయ్యాక పాత విండోస్‌కే తిరిగి వచ్చేసింది. చూపిన ఎర్రర్ సీ1900101, దాని పక్కన 40017. రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) ప్రధాన కార్యాలయం పెట్టిన పాలసీలను తొలగిస్తే సరిపోతుందని ఒకరు అన్నారు. అలా చేయవచ్చా?

జవాబు (చిత్తూరు)

చేయకండి సార్. మీరు తొలగించినా పాలసీ మళ్లీ వర్తించినప్పుడు అవే విలువలు వచ్చి కూర్చుంటాయి, పైగా ఆ మధ్యకాలంలో యంత్రం ఎవరి అదుపులోనూ ఉండదు. మీరు చెప్పినవి రెండు వేర్వేరు సమస్యలు. వాటిని కలిపి చూస్తే దారి దొరకదు.

మొదటిదానికి, అంటే విండోస్ 11 కనబడకపోవడానికి, అడ్మినిస్ట్రేటర్ హక్కులతో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి, యంత్రానికి ఏ పాలసీలు వర్తించాయో చూపే జీపీరిజల్ట్ నివేదిక తీయండి. అందులో విండోస్ అప్‌డేట్ విభాగం కింద సంస్థలో అప్‌డేట్లను పంచే సొంత డబ్ల్యూఎస్‌యూఎస్ సర్వర్ చిరునామా ఉంటే, అక్కడి అడ్మిన్ ఆమోదించనిదే మీకు ఏదీ రాదు. ఆ సర్వర్లో ఉత్పత్తుల జాబితాలో విండోస్ 11, వర్గాల్లో అప్‌గ్రేడ్స్ రెండూ ఎంచుకొని ఉండాలి. రెండోదాన్ని మరిచిపోయేవారే ఎక్కువ. సర్వర్ చిరునామా లేకుండా, ఫీచర్ అప్‌డేట్ లక్ష్య వెర్షన్‌ను నిర్ణయించే పాలసీలో విండోస్ 10, 22హెచ్2 (విండోస్ 10 చివరి వెర్షన్) అని రాసి ఉంటే, యంత్రానికి ఎంత అర్హత ఉన్నా 11 చూపించదు. అది లోపం కాదు, ఎవరో ఆలోచించి పెట్టిన తాళం. తీయవలసింది కూడా వారే.

జవాబు (తిరుపతి)

ఇక ల్యాప్‌టాప్ విషయం. సీ1900101 వరుస ఎర్రర్లు దాదాపు ఎప్పుడూ డ్రైవర్ల వైపే వేలు చూపుతాయి. పక్కన 40017 ఉందంటే రెండో రీస్టార్ట్ తరువాత అప్‌గ్రేడ్ విఫలమైందని అర్థం. యాంటీవైరస్ ఫిల్టర్ డ్రైవర్లు, డిస్క్ ఎన్‌క్రిప్షన్ డ్రైవర్లు దీనికి తరచుగా కారణమవుతాయి. సంస్థల ల్యాప్‌టాప్‌లలో ఈ రెండూ సాధారణంగా ఉంటాయి కాబట్టి ఇంటి కంప్యూటర్లో సాఫీగా జరిగిన పని ఆఫీసులో మొరాయిస్తుంది. ఊహించి ఒక్కొక్కటీ తీసేయనవసరం లేదు. అప్‌గ్రేడ్ విఫలమైనప్పుడు కారణం వెతికే సెటప్‌డయాగ్ అనే సాధనం దానంతట అదే నడిచి, విండోస్ ఫోల్డర్లోని లాగ్స్‌లో తన పేరుతోనే ఉన్న ఫోల్డర్లో ఫలితాన్ని పెడుతుంది. ముందు దాన్ని చదవండి. ఆ తరువాత యాంటీవైరస్‌ను విండోస్ 11కు సరిపడే వెర్షన్‌కు మార్చమని కోరండి. విండోస్ సొంత డిస్క్ ఎన్‌క్రిప్షన్ అయిన బిట్‌లాకర్ ఉంటే, రికవరీ కీ డొమైన్లో భద్రంగా ఉందో లేదో చూసుకున్నాకే దాన్ని తాత్కాలికంగా నిలిపివేయండి. ఈ క్రమం తారుమారైతే తలనొప్పి మీకే.

జవాబు (పలమనేరు)

మీ శాఖలో ఏడో తరం ప్రాసెసర్లున్న యంత్రాలేవైనా ఉంటే వాటిపై ఈ శ్రమంతా పెట్టకండి, ఒకటీ అరా తప్ప అవి విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. మార్చేదాకా విండోస్ 10కు డబ్బు కట్టి భద్రతా అప్‌డేట్లు తీసుకోవచ్చు. సంస్థలకు ఈ సదుపాయం గరిష్ఠంగా 3 ఏళ్లు, అంటే 2028 అక్టోబరు దాకా ఉంటుంది. కానీ ఒక్కో యంత్రానికి మొదటి ఏడాది 61 డాలర్లున్న జాబితా ధర ఏటా రెట్టింపవుతుంది. లెక్క వేసి చూస్తే పాత యంత్రాన్ని మోయడం కన్నా కొత్తది కొనడమే నయమనిపిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. నివేదికలో సర్వర్ చిరునామా లేదు. లక్ష్య వెర్షన్ విండోస్ 10, 22హెచ్2 అనే ఉంది. సెటప్‌డయాగ్ ఫలితంలో యాంటీవైరస్ డ్రైవర్ పేరు కనబడింది. రెండింటినీ జతచేసి ప్రధాన కార్యాలయానికి పంపాను. ముందుగా కొన్ని యంత్రాలను విడి గ్రూపులో పెట్టి, వాటికి మాత్రమే పాలసీ మారుస్తామన్నారు. యాంటీవైరస్ కొత్త వెర్షన్ వచ్చేదాకా ఆ ల్యాప్‌టాప్‌ను ఆ గ్రూపులో చేర్చవద్దని నేనే కోరాను.