అప్‌డేట్: నేరేడు షర్బత్ పొంగడం ఆగింది

ఒడిశాలోని పర్లాకిమిడి వైపు అడవి నేరేడుతో చేసిన షర్బత్ సీసాలో పొంగి మూత తన్నేస్తోందని అడిగాను కదా. కారణం చక్కెర చాలకపోవడమే. పులియబెట్టే సూక్ష్మజీవి ఈస్ట్ బతికి, షర్బత్ పులుస్తోంది. ఇప్పుడు లీటరు రసానికి కిలోన్నర చక్కెర, 15 గ్రాముల నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) వేస్తున్నాను.

పండ్లు చేత్తోనే పిసకాలి. మిక్సీలో గింజ నలిగితే చేదు దిగుతుంది. గుజ్జు స్టీలు గిన్నెలో, సన్నసెగ మీద, మరగనివ్వకుండా, తొక్కల రంగంతా దిగేదాకా ఉంచి గుడ్డలో వడకట్టాలి. ఇనప మూకుడైతే నేరేడు వగరుకి రసం నల్లబడుతుంది.

నిల్వకి లీటరు షర్బత్‌కి అర గ్రాము సోడియం బెంజోయేట్, కాసిని వేణ్నీళ్లలో కరిగించి కలపాలి. కొందరు చెప్పిన మెటాబైసల్ఫైట్ అనే ఇంకో నిల్వ మందు నేరేడుకి పనికిరాదు, ఊదా రంగు వెలిసిపోతుంది. ఆ రంగు కోసమే కదా ఇంత తంటా! సీసాలు ఉడికించి, తడి లేకుండా ఆరబెట్టి, వేడి మీదే నింపండి. మూత తీశాక ఫ్రిజ్‌లోనే.