గుండె స్కాన్‌లో పేషెంట్ కదిలితే సాఫ్ట్‌వేర్‌తో సరిచేస్తే చాలదా?

గామా: నేను టెక్నీషియన్‌ని. గుండె స్పెక్ట్ స్కాన్ (రేడియోధార్మిక మందు ఇంజెక్షన్ ఇచ్చి, కెమెరా చుట్టూ తిరుగుతూ తీసేది) ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా పేషెంట్ దగ్గి కిందికి జరిగారు. సాఫ్ట్‌వేర్‌తో కదలిక సరిచేశాను, బొమ్మ శుభ్రంగా వచ్చింది. సాయంత్రం డాక్టర్ ముడి వ్యూలు (సరిచేయకముందు ఒక్కో కోణంలో తీసిన బొమ్మలు) తిప్పి చూసి, ‘మళ్లీ తీయాల్సింది’ అని నలుగురిలో అరిచారు. నా తప్పేంటి?

సైనోగ్రామ్: మళ్లీ తీయాల్సిందే. 64×64 బొమ్మలో ఒక పిక్సెల్ అంటే సుమారు 6 మి.మీ. రెండు పిక్సెళ్లు జరిగితే చాలు, బాగున్న గుండెలో కూడా రక్తం అందని చోటు కనిపించవచ్చు. సాఫ్ట్‌వేర్ చేసేది ఒక్కో వ్యూను పైకో కిందికో జరిపి వరస కలపడమే. ఒళ్లు పక్కకి తిరిగితే అది చేసేదేమీ లేదు.

గామా: కిందికే జరిగారని రాశానుగా!

సైనోగ్రామ్: దగ్గిన మనిషి తిన్నగా కిందికే జరిగారని ఎలా చెప్తారు?

భుజంనొప్పి: నేను పేషెంట్‌ని. చేతులు తలపైకి పెట్టించి పావుగంట కదలొద్దన్నారు. ఎడమ భుజం పట్టేసింది, మోచేతి కింద చిన్న దిండు కూడా లేదు. మళ్లీ తీయడమంటే మళ్లీ ఇంజెక్షనా?

మిబి: వెంటనే తీస్తే అక్కర్లేదండీ. ఇంజెక్షన్‌లోని రేడియోధార్మిక పదార్థం టెక్నీషియం, దాని అర్ధజీవితకాలం (సగానికి తగ్గే సమయం) 6 గంటలు; దాన్ని మోసుకెళ్లే మందు సెస్టామిబి గుండె కండరంలో చాలావరకు అలాగే ఉండిపోతుంది. ఇదే స్కాన్‌కి వాడే ఇంకో పదార్థం థాలియం అలా కాదు, ఆలస్యమయ్యేకొద్దీ కండరంలో చోటు మారి సర్దుకుంటుంది.

ట్రెడ్‌మిల్: థాలియం అంటే గుర్తొచ్చింది. ట్రెడ్‌మిల్ మీద పరుగు ఆపగానే స్కాన్‌కి పడుకోబెడితే, ఆయాసం తగ్గేకొద్దీ గుండె పైకి పాకుతుంది. పేషెంట్ వేలు కూడా కదపకపోయినా సరే, బొమ్మలో అదీ కదలికే.

సైనోగ్రామ్: ఇంకో సంగతి. గుండె పక్కనే కాలేయమో పేగో మెరుస్తుంటే సాఫ్ట్‌వేర్ దాని వెంట పడి వ్యూలను జరిపేస్తుంది. నాకు అలాగే అయింది. కదలనే కదలని పేషెంట్‌కి లేని లోపం వచ్చి, యాంజియోగ్రామ్ దాకా వెళ్లారు. రక్తనాళాలు శుభ్రంగా ఉన్నాయి. తిట్లు మాత్రం నాకు.

గామా: మీకొకసారి జరిగిందని అందరికీ పాఠమా? బయట పేషెంట్లు వరసలో కూర్చుని గడియారం చూస్తుంటే ‘మళ్లీ తీయండి’ అనడం తేలికే.

సైనోగ్రామ్: కోపం తర్వాత. సరిచేశానని డాక్టర్‌కి చెప్పారా, లేదా?

గామా: లేదు. పోయినసారి ఇలాగే అడిగితే ‘ప్రతిదానికీ నన్ను పిలుస్తావా’ అన్నారు. ఈసారి పిలవలేదు, అదీ తప్పే.

సైనోగ్రామ్: ఈ ముక్క మొదటే రాయాల్సింది. నేనింతసేపూ పిక్సెళ్ల గురించి వాదిస్తున్నాను. అయినా పేషెంట్ బల్ల దిగకముందే చెప్పి ఉంటే అదే డోసుతో మళ్లీ తీసేవారు కదా. ఇప్పుడు ఇంకో రోజు, ఇంకో డోసు.

గామా: చెప్పేలా ఉంటే చెప్పేవాణ్ణే.

భుజంనొప్పి: దిండు సంగతి ఎవరూ చెప్పలేదు.

మిబి: పడుకోబెట్టేటప్పుడే అడగండి. స్కాన్ మొదలయ్యాక చేయి కదిపితే మళ్లీ ఈ గొడవే.