రిటైర్మెంట్ డబ్బుతో బంగారం, వెండి కొనమంటున్నారు, ఏం చేయాలి?

మా ఆయన పోయి ఐదు నెలలైంది. నాకు 64. డబ్బు సంగతులన్నీ ఆయనే చూసుకునేవారు, ఒక పాత డైరీలో ఎర్ర ఇంకుతో రాసి పెట్టేవారు, ఇప్పుడు ఆ డైరీ ముందేసుకుని కూర్చుంటే ఆయన వాడిన పొడి అక్షరాలు సగం నాకు అర్థం కావు.

ఈమధ్య ఒకాయన వారానికి రెండుసార్లు ఫోన్ చేస్తున్నాడు. ఉన్నదంతా బంగారం, వెండిలోకి మార్చేయండి, నోట్ల విలువ పడిపోతుంది, ఇది మాత్రం పడదు అంటాడు. పడదా? డాలర్లలో చూస్తే 1980 జనవరిలో 850 దాకా వెళ్లిన ఔన్సు బంగారం మళ్లీ ఆ రేటు దాటడానికి 2008 దాకా పట్టిందని చదివాను. అన్నేళ్లు ఆగే వయసా నాది! వెండి అయితే ఇంకా ఘోరం, 1980లో, 2011లో 50 డాలర్ల దగ్గరకెళ్లి రెండుసార్లూ కుప్పకూలింది. పైగా వడ్డీ రాదు, నెలనెలా ఖర్చులకి కొంచెం కొంచెంగా అమ్ముకోవాలి, అమ్మిన ప్రతిసారీ కొనే రేటుకీ అమ్మే రేటుకీ ఉన్న తేడా నా మీదే పడుతుంది.

అలాగని అసలు వద్దని కాదు. పదో వంతు పెడితే సరిపోతుందా, ఎక్కువా? పెడితే కడ్డీలా, ఈటీఎఫా (షేర్లలా కొని అమ్ముకునే బంగారం ఫండ్)? ఇంట్లో పెట్టుకుంటే ఒంటరిదాన్ని, నిద్ర పట్టదు. మీలో ఎవరైనా ఇలా తోడు పోయాక డబ్బు సర్దుకున్నవాళ్లుంటే, మొదటి ఏడాది ఏం చేశారో చెప్పండి. కమీషన్ తీసుకోకుండా ఫీజు మాత్రమే తీసుకునే సలహాదారుని ఏమేం అడగాలో కూడా రాయండి. బంగారం కొనమనే ఆ ఫోన్ ఆయన మళ్లీ గురువారం చేస్తానన్నాడు.