అప్‌డేట్: మా బాపు రాజ్‌దూత్ 350 ఎడమ సిలిండర్ మళ్లీ పని చేస్తోంది

పోయిన నెల అడిగాను కదా, మా బాపు రెండు సిలిండర్ల బైక్ ఒక్క సిలిండర్ మీదే నడుస్తోందని, ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచినా ఎడమ సైలెన్సర్ చల్లగానే ఉంటోందని. లోపం దొరికింది. ప్లగ్ క్యాప్, అంటే స్పార్క్ ప్లగ్‌కు కరెంటు తెచ్చే వైరు చివర ఉండే తొడుగు.

"ఎడమది కుడికి, కుడిది ఎడమకు ఒక్కొక్కటే మార్చి చూడు, లోపం దేని వెంట పోతే అదే చెడ్డది" అని చెప్పిన అన్నకు చాలా థ్యాంక్స్. ముందు ప్లగ్గులు మార్చాను, తేడా లేదు. తర్వాత వైర్ల చివర మర తిప్పి క్యాప్‌లు మార్చాను. కిక్ కొట్టగానే ఎడమది అందుకుంది, కుడిది ఆగిపోయింది! మల్టీమీటర్ పెడితే మంచి క్యాప్ 5 కిలో ఓమ్‌లు చూపించింది, రెండోదానికి రీడింగే రాలేదు, అంటే లోపల తెగిపోయింది. పైకి మాత్రం కొత్తదానిలాగే ఉంది.

ప్లగ్ బయట పెట్టి చూసినప్పుడు సన్నగా స్పార్క్ కనిపించడంతో కరెంటు బాగానే ఉందనుకున్నాను. బయట గాలిలో వచ్చే స్పార్క్ సిలిండర్ లోపల కంప్రెషన్‌లో (ఒత్తిడిలో) రాకపోవచ్చట.

కార్బొరేటర్లు రెండుసార్లు విప్పి కడిగాను, దానికీ దీనికీ సంబంధమే లేదు. హన్మకొండలో మెకానిక్ కంప్రెషన్ చూస్తే రెండు వైపులా సమానం. స్పార్క్ సమయానికి వచ్చేలా చేసే పాయింట్ల గ్యాప్ కూడా 0.35 మిల్లీమీటర్లు, సరిగ్గానే ఉంది. సిలిండర్ అరిగిపోయి బోర్ (లోపల కోసి సరిచేయడం) చేయించాలేమో అన్న టెన్షన్ పోయింది.

రెండు క్యాప్‌లూ కొత్తవి వేశాను. నిన్న బాపును వెనక కూర్చోబెట్టుకొని ములుగు దాకా వెళ్లొచ్చాను. దిగగానే ఆయన రెండు సైలెన్సర్ల దగ్గరా చెయ్యి పెట్టి చూశారు. రెండూ వేడిగా ఉన్నాయి.