సమస్యాపూరణం: «కూట మేడు దొమ్మిదులకు నూటయేడు»

నిర్వాహకులు: ఏడూ తొమ్మిదీ కలిస్తే 16 కావలసిన చోట 107 ఎలా వచ్చిందో పద్యంలోనే సమర్థించాలి. ‘కూట’, ‘నూట’ అన్నది ప్రాసయతి (మొదటి అక్షరాల మైత్రికి బదులు రెండో అక్షరం ‘ట’ కలవడం); తేటగీతిలో అది చెల్లుతుంది కనుక యతిభంగమని ఎవరూ శంకించనక్కరలేదు.

పూరణ 1 (తణుకు)

కొనిన మాదీఫలంబులు గూడఁ దొమ్మి
దియును వెలగలేడును వానిఁ దెచ్చు వేళ
నంగడిని వర్తకుఁడు సెప్పె నన్ని వెలల
కూట మేడు దొమ్మిదులకు నూటయేడు

నిర్వాహకులు: ఆర్యా, మూడో పాదం చివర ‘వెలల’ అని నిలిపి దానిని ‘కూటము’తో కలపడం వలన సమస్య అతుకు కనబడకుండా ఇమిడిపోయింది. అయితే ‘గూడ’ యతి కోసం వచ్చిన వ్యర్థపదం. పైగా ‘కొనిన’ తరువాత వర్తకుడు వెల చెప్పడమేమిటి? «కొనఁగ మాదీఫలంబులు గోరి తొమ్మి» అంటే రెండు దోషాలూ పోతాయి.

ఈ లెక్క 9వ శతాబ్దంలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహంలోనిది. పావులూరి మల్లన తెనిగించినది ఆ గ్రంథాన్నే. మూలంలో రెండో నిబంధన కూడా ఉంది: 7 మాదీఫలాలకు, 9 వెలగపండ్లకు కలిపి 101. అది లేనప్పుడు, వెలలు పూర్ణసంఖ్యలే అనుకున్నా, మాదీఫలం 8, వెలగ 5 అనవచ్చు. మాదీఫలం 1, వెలగ 14 అన్నా 107 వస్తుంది. కాబట్టి మీ పద్యం సమస్యను పూరించింది గాని లెక్కను పూరించలేదు.

పూరణ 2 (హైదరాబాదు)

ఎనిమిది యొకటి, యైదొక్క టేర్పడంగఁ
దిరుగఁబడి తొమ్మి దేడైనఁ దెలియు నూట
యొకటి, తొలుత నున్నట్టులే యుండునపుడు
కూట మేడు దొమ్మిదులకు నూటయేడు

నిర్వాహకులు: అమ్మా, రెండు సమీకరణాలనూ, వాటి సాధననూ నాలుగు పాదాలలో ఇమిడ్చారు, ‘తిరుగఁబడి’ అన్న మాట సంఖ్యల తారుమారును చక్కగా చెప్పింది. కాని పండ్ల పేరే లేకపోవడంతో, మొదటి పూరణ చదవనివారికి ఎనిమిది దేని వెలో, ఐదు దేని వెలో తెలియదు. పద్యం తనంత తాను నిలబడాలి.

తణుకు సభ్యులు: మహావీరుడు ఆ వెలలను ఎలా రాబట్టాడండీ?

నిర్వాహకులు: పెద్ద మొత్తాన్ని పెద్ద సంఖ్యతోనూ, చిన్న మొత్తాన్ని చిన్న సంఖ్యతోనూ గుణించి తీసివేస్తే 963 నుండి 707 పోగా 256 మిగులుతుంది, దానిని ఆ సంఖ్యల వర్గాల భేదమైన 32తో భాగిస్తే మాదీఫలం వెల 8 వస్తుంది. బడిలో ఒక చరరాశిని తొలగించే పద్ధతి అని చెప్పేది ఇదే.

పూరణ 3 (విజయనగరం)

వెలగ మాదీఫలము జంట వెల పదియును
మూఁడు, రెంటికి భేదము మూఁడె, యింకఁ
జెప్పుమా రెండు వెలలను శిష్యవర్య!
కూట మేడు దొమ్మిదులకు నూటయేడు

నిర్వాహకులు: నాకు అన్నిటికన్న నచ్చినది ఇదే. గుణకాలు తారుమారైన జత కనుక, రెండు సమీకరణాలనూ కూడితే 16 జంటల వెల 208, అంటే జంట 13. తీసివేస్తే భేదానికి రెట్టింపు 6, అంటే భేదం 3. ఇంత సులువైన దారి ఉండగా గుణకారాల జోలికి పోనక్కరలేదని కవిగారు గ్రహించారు. ‘శిష్యవర్య’ పాదపూరణమే అయినా గణితగ్రంథాల సంబోధనకు దగ్గరగా ఉంది. చకార శకారాలకు యతి చెల్లుతుంది.

హైదరాబాదు సభ్యురాలు: భేదం మూడన్నారు గాని ఏది ప్రియమో చెప్పలేదు కదండీ?

నిర్వాహకులు: సమస్యాపాదమే చెబుతున్నదమ్మా. మొదటి పాదంలో వెలగ ముందు, మాదీఫలం తరువాత; చివరి పాదంలో ఏడు ముందు, తొమ్మిది తరువాత. క్రమాలంకారం ప్రకారం ఏడు వెలగలు, తొమ్మిది మాదీఫలాలు అవుతాయి. వెలగే ప్రియమనుకుంటే ఏడెనిమిదులు 56, తొమ్మిదైదులు 45, మొత్తం 101 మాత్రమే వస్తుంది. 107 రావాలంటే మాదీఫలమే ఎనిమిది కావాలి.