వేలాండ్‌లో (లినక్స్‌లో విండోలు చూపించే కొత్త పద్ధతి) విండో టైటిల్ ఖాళీగా వస్తా ఉంది, ఎవరికైనా తెలుసా?

అన్నా, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. ఏ విండోలో ఎంతసేపు ఉన్నామో లాగ్ చేసే ఓపెన్ సోర్స్ టూల్ ఒకటి రాస్తా ఉండా, పాత పద్ధతి ఎక్స్11లో బాగానే ఉండె గానీ వేలాండ్‌కి మారితే టైటిల్ రావడంలే, ఏం చేయాల?

జవాబు: అది బగ్ కాదు తమ్ముడూ. వేలాండ్‌లో ఒక యాప్ ఇంకో యాప్ విండోని చూసేదానికి వీల్లేదు, సెక్యూరిటీ కోసమే అట్ల పెట్టినారు. గ్నోమ్ డెస్క్‌టాప్‌కైతే షెల్ ఎక్స్‌టెన్షన్ (డెస్క్‌టాప్ లోపలే నడిచే చిన్న ప్రోగ్రామ్) రాసుకోవాల, కేడీఈ డెస్క్‌టాప్‌కి దాని విండో మేనేజర్ కేవిన్ (KWin) స్క్రిప్ట్. ఇట్లాంటి టూలే యాక్టివిటీవాచ్ అని ఉంది, దాని కోడ్ చూడు, డేటా లోకల్‌లోనే పెడతాది.

ఇంకొకరు: టైటిల్ మొత్తం సేవ్ చేయొద్దప్పా, మెయిల్ సబ్జెక్టులు కూడా దాంట్లోనే వస్తాయి, యాప్ పేరు చాలు. కీస్ట్రోకుల (ఏ కీలు నొక్కినారో ఆ వివరాల) జోలికి అసలే పోవద్దు, ఎవరూ ఇన్‌స్టాల్ చేసుకోరు.

అడిగినాయన: సరే అన్నా, ఎక్స్‌టెన్షనే రాస్తా. టైటిల్ డిఫాల్ట్‌గా ఆఫ్.