రేడియేటర్ మూత మార్చగానే పైపు పగిలింది. తప్పు మూతదేనా?

బోడుప్పల్_బండి:
నాది 2009 మోడల్ డీజిల్ కారు. రేడియేటర్ మూత రబ్బరు చిట్లిపోయిందని పుత్లిబౌలిలో కొత్తది కొని వేశాను. పాతదాని మీద 0.9 (మూత ఎన్ని బార్‌ల ప్రెషర్ దాకా ఆపుతుందో ఆ అంకె) అని ఉండేది, షాపతను ఇచ్చింది 1.1. ఆ వారంలోనే ఉప్పల్ మెట్రో కింద పై హోస్ పైపు పగిలి కూలెంట్ అంతా రోడ్డు పాలు. మెకానిక్ ఏమో "ప్రెషర్ ఎక్కువైంది సార్, మూత మొదటి గాడిలోనే ఆపి లూజుగా నడపండి" అంటున్నాడు. నడపొచ్చా?

ఎల్బీనగర్_క్యాబ్:
నడపచ్చు. ఎండకాలం మొత్తం నా బండి గట్లనే నడ్సింది. ప్రెషర్ ఉంటెనే వేడి పెరుగుతది. కుక్కర్ జూడలేదా? విజిల్ తీస్తె సల్లబడ్తది.

వాల్వ్_వెంకన్న:
తిరగేసి చెప్తున్నారు. విజిల్ తీస్తే కుక్కర్‌లో నీళ్లు ఆవిరైపోతాయి. ఇంజిన్‌కి కావాల్సింది ఆ నీళ్లే కదా! వేడెక్కిన నీరు ఉబ్బుతుంది, పోవడానికి దారి లేక ప్రెషర్ వస్తుంది. ఆ ప్రెషర్ వేడిని పుట్టించదు, నీటిని మరగనివ్వదు. హైదరాబాద్ సముద్రమట్టానికి 500 మీటర్ల పైన ఉంది, ఇక్కడ మామూలు నీరు 98 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. 0.9 బార్ మూత ఉంటే సుమారు 118 దాకా, 1.1కి 121 దాకా ఆగుతుంది. కూలెంట్ కలిపితే ఇంకొంచెం పైకి. హెడ్‌లో, అంటే ఇంజిన్ పైభాగంలో, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుల చుట్టుపక్కల లోహం మిగతా చోట్ల కంటే చాలా వేడి. అక్కడ ఆవిరి పొర కట్టిందంటే నీరు లోహానికి తగలదు, హెడ్ వంగుతుంది. డ్యాష్‌బోర్డు మీద టెంపరేచర్ ముల్లు మాత్రం మధ్యలోనే కనిపించొచ్చు, సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెప్తుంది.

ఎల్బీనగర్_క్యాబ్:
గంత పొడుగు సదవలే. 0.9 తీసి 1.1 పెట్టిండు, పైపు పగిలింది. అవునా కాదా?

వాల్వ్_వెంకన్న:
0.2 బార్‌కే పగిలిన పైపు ఇవాళ కాకపోతే రేపు పగిలేదే. పాత పైపులు క్లిప్పు దగ్గర మెత్తబడి ఉబ్బుతాయి. 0.9 వేయాల్సింది, నిజమే. అయితే 0.9 మూతే వెయ్యాలి, లూజు మూత కాదు.

ఎల్బీనగర్_క్యాబ్:
ఒప్పుకున్నరు గద!

నాచారం_పెద్దాయన:
ఏ మూతైనా సరే, వేడి మీద తియ్యకండి నాయనా. నా ముంజేతి మీద మచ్చ ఇంకా పోలేదు.

సైనిక్‌పురి_గ్యారేజ్:
లూజు మూతతో ఇంకో తంటా ఉంది. బండి చల్లారినప్పుడు మూత మధ్యలో ఉండే చిన్న వాల్వు తెరుచుకుని రిజర్వ్ బాటిల్ నుంచి నీళ్లు వెనక్కి లాగుతుంది. మూత సరిగా కూర్చోకపోతే నీళ్లకు బదులు గాలి పోతుంది.

ఎల్బీనగర్_క్యాబ్:
సార్లందరు ఇనుండ్రి. పోయినేడు ఒక పెద్ద వర్క్‌షాప్‌ల "కంపెనీ స్పెక్, కంపెనీ స్పెక్" అనుకుంట మూత, పైపులు, వాటర్ పంపు, థర్మోస్టాట్ అన్నీ మార్చిండ్రు. ఇరవై వేల పైన బిల్లు. కొన్ని నెల్లకే మళ్ల గరం. గల్లీ మెకానిక్ థర్మోస్టాట్ పీకేసి, మూత లూజ్ జేసి రెండొందలు తీస్కున్నడు. గిప్పటి దాక నడుస్తనే ఉంది.

వాల్వ్_వెంకన్న:
మీ డబ్బు తిన్నవాడి మీద కోపం న్యాయమే. దాన్ని తెచ్చి మూత మీద పెడితే ఎట్లా? అన్ని సామాన్లు మార్చినవాడు గానీ, అన్నీ పీకినవాడు గానీ, అసలెందుకు వేడెక్కుతోందో వెతికారా?

ఎల్బీనగర్_క్యాబ్:
మీకు సమజ్ గాదన్నా. పైపు పగిలితె బండి ఆడ్నే ఆగుతది. ఎయిర్‌పోర్ట్ పాసింజర్ తిట్టుకుంట ఇంకో బండెక్కుతడు. నీళ్లు మరిగితె కొంచెం సేపాగి, సల్లారినంక బాటిల్ నీళ్లు పోస్కొని పోత. నాకేది అగ్గువ?

వాల్వ్_వెంకన్న:
ఈ ముక్క మొదటే చెప్పి ఉంటే నేను ఇంతసేపు ఫిజిక్స్ చెప్పేవాణ్ణి కాదు. సరే, పోసిన ప్రతి బాటిల్‌తో కూలెంట్ పలచబడుతుంది, తర్వాతిసారి ఇంకా ముందే మరుగుతుంది. చివరికి హెడ్ పోతుంది.

ఎల్బీనగర్_క్యాబ్:
పోయిననాడు జూస్కుందం. ఈఎంఐ ఐదో తారీఖుకే ఉంది.

వాల్వ్_వెంకన్న:
బోడుప్పల్ గారూ, మా గొడవ పక్కన పెట్టండి. రాత్రంతా ఆగిన బండి పొద్దున స్టార్ట్ చేసి, వెంటనే పై పైపు పిసికి చూడండి. నీళ్లు వేడెక్కకముందే గట్టిపడితే అది వేడికి వచ్చిన ప్రెషర్ కాదు. హెడ్ గ్యాస్కెట్ (హెడ్‌కీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే సీలు) దాటి సిలిండర్‌లోని గ్యాస్ నీళ్లలోకి వస్తోందని అనుమానించాలి.

బోడుప్పల్_బండి:
చూశాను. కొత్త పైపు, 0.9 మూతే వేశాను. ఇంజిన్ మీద చెయ్యి పెడితే ఇంకా చల్లగానే ఉంది, పైపు మాత్రం పిసికితే నొక్కుకోవడం లేదు. రిజర్వ్ బాటిల్‌లో బుడగలు ఆగకుండా వస్తున్నాయి. పాత మూత రబ్బరు చిట్లి ఉండేది కదా, ఇన్నాళ్లూ ఆ సందులోంచే గ్యాస్ పోయిందేమో. హెడ్ దింపాలంటున్నారు.

వాల్వ్_వెంకన్న:
దింపాక ముందు హెడ్ వంగిందో లేదో కొలిపించండి. వంగిన హెడ్ కింద కొత్త గ్యాస్కెట్ వేసి బిగిస్తే మళ్లీ ఇదే కథ.

ఎల్బీనగర్_క్యాబ్:
జూసిండ్రా? మూతల సందు ఉన్నన్ని రోజులు పైపు పగల్లే. నేను జెప్పింది గదే.